కాగితం దూరని తలుపు

ఊటగుంపు, ములకలపల్లి మీదుగా,
28-3-1984

బావగారికి బసవపున్నయ్య నమస్కారాలు.

నేను చేరినట్టు వేసిన కార్డు అందే ఉంటుంది. తునికి కొమ్మ కొట్టడం అయిపోయింది. ఇంకో మూడు వారాల్లో బీడీ ఆకు కోతకు వస్తుంది. కల్లేదారు ఉద్యోగం అంటే ఏమిటని అక్క అడిగింది గదా, చెప్పు. అడవిలో కోసిన ఆకు కట్టలను కల్లంలో ఎండబెట్టించి, సంచులకెత్తించి, గోదాంలో పెట్టించడం. ఇప్పటికి గోదాంలో పోయినేటి ఖాళీ సంచులే ఉన్నాయి. పని తక్కువ, తిండికి లోటు లేదు.

నీ తలుపు సంగతి ముందు రాయాలి. కర్ర తలుపులు రెండు సార్లు చెదలు తిన్నాక కాంట్రాక్టరు నీ చేత ఇనుప తలుపు చేయించాడు. నువ్వే పుష్యమాసంలో వచ్చి రాతి చౌకట్‌లో బిగించి పోయావు. ఇక్కడ పల్లెను గుంపు అంటారు, ఈ గుంపు మనుషులు ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటున్నారు. అంత బరువు తలుపు, పొద్దున పూట రెండు వేళ్ళతో గుంజితే వస్తుంది. మూస్తే చుట్టూ కాగితం దూరదు. నేను నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి నిజంగానే పెట్టి చూశాను. దూరలేదు.

ఇక రెండో సంగతి. నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. గోదాం ఉత్తరపు గోడకు ఆనించి వేసిన తాటాకు పాకలో నా మకాం. పగలు పదకొండు దాటితే గోదాం కప్పు మీద ఎవరో నడుస్తారు. తూర్పు కొస నుంచి పడమటికి. టక్, టక్, టక్. ఆగుతారు. మళ్ళీ నడుస్తారు. బయటికి వచ్చి చూస్తే కప్పు మీద కాకి కూడా ఉండదు. ఎండ వాలే వేళకు ఇంకోసారి నడుస్తారు. ఆ పొద్దుల్లో ఇక్కడి ఆడవాళ్ళు నీళ్ళకు కూడా చుట్టు తిరిగి పోతారు తప్ప గోదాం పక్కనుంచి రారు.

గోదాం కావలి జంపయ్య ఈ గుంపు మనిషే. యాభై దాటాయి. అతన్ని అడిగాను.

“అది ఎండకు మేలుకుంటది సారూ. నువ్ పండుకో, నిన్నేం చెయ్యదు. దాని తొవ్వకు అడ్డం పోవద్దు, గంతే” అన్నాడు.

నేను పదో తరగతి చదివాను, ఇట్లాంటివి నమ్మను. కానీ చుట్టుపక్కల మనిషి అలికిడి లేనప్పుడు నెత్తిమీద ఆ నడక వింటూ పడుకోవడం అంత తేలిక కాదు. నీకేమైనా తోస్తే రాయి.

బసవపున్నయ్య


వేంసూరు,
5-4-1984

చిరంజీవి బసవపున్నయ్యకు,

నీ ఉత్తరం మీ అక్క చేత చదివించుకుని విన్నాను. ఆమె బెదిరింది, నేను నవ్వాను. కొలిమి ముందు పుట్టి, సుత్తి బరువని కలం పట్టుకున్నవాడివి. ఇనుము నీకు దయ్యంలా కనపడడంలో వింత లేదు.

చిన్నప్పుడు మీ నాన్న బండి చక్రాలకు ఇనుప పట్టా ఎక్కిస్తుంటే పక్కన కూర్చుని బొరుగులు తినేవాడివి. చూసిందేమీ లేదన్నమాట. పట్టాను చక్రంకన్నా అంగుళం తక్కువగా చేస్తాం. చల్లగా ఉండగా అది ఎక్కదు. పిడకల మంటలో కాలిస్తే పెరుగుతుంది, ఎక్కుతుంది. నీళ్ళు కొట్టగానే ముడుచుకుని చెక్కను పట్టుకుంటుంది. ఆ పట్టు చక్రం విరిగినా వదలదు. వేడికి ఇనుము పెరిగినంత చెక్క పెరగదు. ఇత్తడి ఇనుముకన్నా తొందరపాటుది. ఇత్తడి రేకునూ ఇనుప రేకునూ కలిపి మేకులు కొట్టి కాల్చి చూడు, ఇత్తడి ముందుకు పోతానంటుంది, ఇనుము రానంటుంది, రెండూ కలిసి విల్లులా వంగుతాయి. గాజు సంగతి నీకూ తెలుసు. కాలిన లాంతరు చిమ్నీ మీద నీటి బొట్టు పడితే అక్కడ మాత్రం ముడుచుకుని పగులుతుంది. ఒక్కోదానిది ఒక్కో బుద్ధి.

మీ గోదాం కప్పు రేకులు పన్నెండడుగులవి. ఎండెక్కితే గోటి మందాన పెరుగుతాయి. మేకు కదలనివ్వదు. పట్టుకుని, పట్టుకుని, ఇక పట్టలేక వదులుతుంది. అదే నీ టక్. తూర్పు రేకులు ముందు వేడెక్కుతాయి గనుక నడక అటునుంచి మొదలవుతుంది. వేడి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే రేకు మాట్లాడుతుంది. నడిమధ్య, ఒకే వేడి మీద ఉన్నంతసేపు నోరు మూసుకుంటుంది. నమ్మకం లేకపోతే గడియారం చూసి పుస్తకంలో రాసుకో, నీకు రాయడమే గదా వచ్చింది.

ఇకనుంచి టక్ అంటే రేకు మాట్లాడుతోంది అనుకో. అటు తిరిగి పడుకో.

కాగితం దూరలేదని రాసిన ముక్క దుకాణంలో నలుగురికీ చదివించాను.

నీ బావ పిచ్చయ్య


ఊటగుంపు,
19-4-1984

బావా,

పది రోజులు రాశాను. పుస్తకం ముందు పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. పదకొండుకు మొదలై ఒంటిగంటన్నరకు ఆగుతుంది. నాలుగున్నరకు మళ్ళీ మొదలై ఆరుకు ఆగుతుంది. మధ్యలో మూడు గంటలు చప్పుడు లేదు. మబ్బు పట్టిన రోజు అసలే లేదు. రేకు అంచు దగ్గర సుద్దతో గీసిన గీత మధ్యాహ్నానికి జరిగి కనపడింది. నువ్వు గెలిచావు. ఆ వేళ ఇప్పుడు పాకలో హాయిగా కునుకు తీస్తున్నాను. పుస్తకంలో రాయడం మాత్రం అలవాటైపోయింది. పడుకునే చెయ్యి చాపి రాస్తున్నాను.

జంపయ్యకు కూడా చూపించాను. గోదాం తాళంచెవిని పొయ్యిలో ఎర్రగా కాల్చి తాళంలో పెట్టబోయాను, పోలేదు. చల్లారాక పోయింది. కల్లం చదును చేస్తున్న వాళ్ళంతా చుట్టూ చేరారు. జంపయ్య తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పెరిగిందంటవ్.”

“అవును.”

“మల్ల తగ్గిందంటవ్.”

“అవునయ్యా.”

“పానం ఉన్నదే గదా సారూ పెరిగేది? సచ్చిన కట్టె పెరుగుతదా? ఇనుము పెరుగుతదని నువ్వే అంటివి. అయితే నేనన్నదే నిజమాయె.”

అందరూ నవ్వారు. అతని తమ్ముడు పగిడయ్య మాత్రం నవ్వలేదు. “పొద్దుగాలనే ఎక్కింది నీకు, పో” అన్నాడు అన్నతో. పోడు చేను గట్టు దగ్గర వాళ్ళిద్దరికీ పడడం లేదు.

ఏమైతేనేం, జంపయ్యకు భయం పోయింది. ఇదివరకు మధ్యాహ్నం గోదాం నీడ తొక్కేవాడు కాదు. ఇప్పుడు లోపలికే పోతున్నాడు. కారణం కల్లు. భార్య రామక్క అతని కల్లు బుర్ర ఎక్కడ కనపడితే అక్కడ పగలగొడుతుంది. ఆమెకు ఆ వేళ గోదాం భయం ఇంకా పోలేదు. అందుకని బుర్రను సంచుల సందున దాచి, ఎండవేళ లోపలికి దూరి, తలుపు దగ్గరికి లాక్కుని, తాగి వస్తాడు. “నీ తాళంచెవి పుణ్యం సారూ” అంటాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

తలుపు గురించి ఒకటి అడగాలి. పడమటి ముఖం గనుక ఒంటిగంట దాటాక ఎండ నేరుగా పడుతుంది. నిన్న మూడింటికి తీయబోతే పట్టింది. గోడకు కాలు తన్నిపెట్టి గుంజితే వచ్చింది. సాయంత్రానికి మామూలే. నూనె ఏదైనా వేయాలా?

బసవపున్నయ్య


వేంసూరు,
27-4-1984

బసవపున్నయ్యా,

తాళంచెవికి ప్రాణం ఉందన్న మనిషిని ఒకసారి వేంసూరు తీసుకురా. నా దగ్గర తిత్తి ఊదేవాడు మానేశాడు. నీకన్నా ఆ జంపయ్యకే ఇనుము బాగా తెలిసినట్టుంది.

తలుపు కొత్తది. బందులకు ఆముదం వెయ్యి. బిగువుగా ఉండడం తప్పు కాదు, పిచ్చయ్య పనికి ఉన్న పేరే అది.

ఇంకోటి. ఎండవేళ తలుపు బార్లా తీసి పెట్టు. ఆకుకు గాలి తగలడం మంచిది.

మీ అక్క ఆవకాయ కలిపింది. సత్తుపల్లి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతాం. జాడీ తిరిగి పంపమని మరీ మరీ చెప్పమంది. కిందటేడు జాడీ ఏమైందో నీకే తెలియాలి.

పిచ్చయ్య


ఊటగుంపు,
20-5-1984

బావా,

జంపయ్య చనిపోయాడు. పదహారో తేదీ, బుధవారం. గోదాం లోపల.

ఒంటిగంట తర్వాత బుర్ర కోసం లోపలికి పోయి, ఎప్పటిలాగే తలుపు దగ్గరికి లాక్కున్నట్టుంది. ఐదున్నరకు దొరికాడు. తలుపుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళు పెనంలా ఉంది. పెదవులు పగిలాయి. చేతి కణుపుల తోలు లేచిపోయింది. జీపులో దవాఖానాకు తీసుకుపోయారు గానీ అప్పటికే ఏమీ లేదు. ఆ రోజుల్లో ఎండ ఎట్లా ఉందో మీకూ తెలుసు.

ఆకుకు గాలి తగలాలని నువ్వు రాసింది చదివి నవ్వుకున్నాను. ఎండగాలి తగిలితే ఆకు పొడుం అవుతుంది, అందుకే గోదాం మూసి ఉంచుతాం. ఇనుము తెలిసినవాడికి ఆకు తెలియదులే అనుకున్నాను. మూసే ఉంచాను.

బయట గడియ వేసి లేదు. కానీ ఆ వేళ పగిడయ్య తలుపు దగ్గర నిలబడి చుట్ట కాల్చడం ఇద్దరు చూశారు. ముందురోజే అన్నదమ్ములు చేను గట్టు మీద కలబడ్డారు. గడియ వేసి, ప్రాణం పోయాక వచ్చి తీశాడని పోలీసులు అంటున్నారు. తలుపు ఎండకు పట్టుకుంటుందని నేను చెప్పబోయాను. ఎస్సై పొద్దున ఎనిమిదింటికి వచ్చి తలుపును వేలితో గుంజి చూపించాడు. “ఇదా పట్టుకునేది? తొట్టెల లెక్క ఊగుతున్నది” అన్నాడు. నిన్న పగిడయ్యను తీసుకుపోయారు. అతని భార్య జంపక్క జీపు వెనక వాగు దాకా నడిచింది.

నేను ఆ వేళ కల్లం దగ్గర ఉన్నాను. నాకేమీ వినపడలేదు. వాళ్ళతో అదే చెప్పాను.

ఒక్కటి రాయి బావా. రాతికీ తలుపుకూ మధ్య ఎంత సందు వదిలావు?

బసవపున్నయ్య


వేంసూరు,
26-5-1984

బసవపున్నయ్యకు,

ఎంత వదలాలో అంత వదిలాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. తాగి లోపల పడిపోయిన మనిషికి తలుపేం చేస్తుంది. పోలీసులు చూసుకుంటారు, నువ్వు కల్పించుకోకు.

మే నెల రెండింటికి కల్లం దగ్గర ఎవరూ ఉండరు. ఆ వేళ పాకలో కునుకు తీస్తున్నానని ఏప్రిల్‌లో రాసింది నువ్వే. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది.

మీ అక్క బాగానే ఉంది.

పిచ్చయ్య


ఊటగుంపు,
17-6-1984

బావా,

నిజమే. నేను పాకలోనే ఉన్నాను.

పుస్తకంలో ఆ రోజు పేజీ ఉన్నదున్నట్టు దించుతున్నాను.

16-5. 11.05 మొదలు. 1.20 ఆగింది. 2.20 మూడు. ఆగి, మూడు. 2.35 తొమ్మిది, గట్టిగా. 2.50 నాలుగు. 3.10 ఒకటి. ఎండ ఎక్కువ.

నేను నిద్రపోలేదు. పడుకుని, విని, రాశాను. నడిమధ్య రేకు నోరు మూసుకుంటుందని నువ్వు చెప్పావు. నలభై రోజులు నేనే చూశాను. అయినా ఆ చప్పుడు రాని వేళ వచ్చినప్పుడు, ఎండ ఎక్కువ అని రాసి అటు తిరిగి పడుకున్నాను. గొంతు వినపడిందా అంటే చెప్పలేను. రాతి గోడలు, నిండా ఆకు సంచులు. వినపడినా గువ్వ అనుకుని ఉంటాను.

ఇంకోటి. అతను దొరికాడని రాశాను. ఎవరూ వెతకలేదు. ఐదున్నరకు సంచులు లెక్కపెట్టడానికి నేను పాక చుట్టూ తిరిగి తలుపు ముందుకు వచ్చాను. చెయ్యి వేయకముందే తలుపు దానంతట అది మెల్లగా తెరుచుకుంది. అది తెరుచుకున్నకొద్దీ జంపయ్య బయటికి వాలాడు. ఎవరో నాకు ఇస్తున్నట్టు ఇచ్చింది.

ఇప్పుడు వానలు పడ్డాయి. ఈ తొమ్మిది రోజుల్లో ఎండ లేదు. కప్పు రేకుల మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. పదకొండుకు చప్పుడు లేదు. సాయంత్రం లేదు. రెండు ఇరవైకి ఉంది. మూడు. ఆగి, మూడు. అది కప్పు మీద కాదు. తలుపు మీద, కూర్చున్న మనిషి చెయ్యి అందే ఎత్తున. మూడు సార్లు పోయి తీశాను. సంచులు, చీకటి. సంచులన్నీ పదమూడో తేదీన లారీకి ఎత్తించాను. ఇప్పుడు లోపల ఏమీ లేదు. అయినా ఉంది.

రామక్క రోజూ ఆ వేళకు వచ్చి తలుపు ముందు వానలో కూర్చుంటుంది. నిన్న నా వైపు చూడకుండానే అడిగింది.

“ఇయ్యాల గూడ పెరిగిందా సారూ, మీ ఇనుము?”

ఆమే మళ్ళీ అంది.

“పగిడయ్య గా పని చెయ్యలే. కొట్టుకుంటరు, తిట్టుకుంటరు, మల్ల ఒక్క బుర్రలనే తాగుతరు. ఆ పొద్దు గాడికి పోయింది గూడ అందుకే. అన్న లోపల తాగుతుండు, నాకు మిగిలిస్తడా లేదా అని నిలబడ్డడు. చూసి చూసి పోయిండు.”

దుక్కి అదను పోతోంది. జంపక్క ఒక్కతే చేను దున్నలేక వదిలేసింది. కోర్టులో వచ్చే నెల మొదటి వాయిదా. నా పుస్తకం తీసుకుపోయి చూపిస్తే నా ఉద్యోగం పోతుంది, పోనీ. కానీ పుస్తకంలో ఉన్నది చప్పుడు మాత్రమే. తలుపు ఎందుకు తెరుచుకోలేదో అందులో లేదు. చూపించడానికి ఎండ కూడా లేదు, మళ్ళీ చైత్రం దాకా రాదు. అంతదాకా పగిడయ్య లోపల ఉండాలి. ఆ తలుపు ఎట్లా చేశావో చెప్పగలిగింది నువ్వు ఒక్కడివే.

గాలి తగలాలని ఎందుకు రాశావు బావా? గాలి కోసమేనా?

బసవపున్నయ్య


వేంసూరు,
24-6-1984

బసవపున్నయ్యకు,

గాలి కోసం కాదు.

నువ్వు ఏప్రిల్‌లో తలుపు పట్టిందని రాసిన పూటే నాకు తెలిసింది. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి లేచిపోయాను. పుష్యమాసపు చలిలో, పొద్దున ఏడింటికి, చల్లటి రాతిలో చల్లటి ఇనుము బిగించాను. సందు లేదు. వెంట్రుకంత కూడా లేదు. ఆకురాయితో రాచి రాచి, కాగితం దూరనంత వచ్చేదాకా వదల్లేదు. కాంట్రాక్టరు నిలబడి చూస్తున్నాడు.

ఎండకు ఇనుము పెరుగుతుందని తెలియక కాదు. నా బతుకంతా దానిమీదే. కానీ నా చేతికి తెలిసింది చక్రం. చక్రానికి బిగువే గుణం. ఎంత బిగిస్తే అంత మంచి పనివాడు. తలుపు చేస్తూ కూడా నా చెయ్యి చక్రమే చేసింది. ఎండలో ఆ తలుపు నడుముకు పొట్ట ఉబ్బి, నాలుగు పక్కలా రాతిని పట్టుకుంటుంది. రాయి జరగదు.

అప్పుడే రాసి ఉంటే సరిపోయేది. తలుపు తప్పు చేశాను, మధ్యాహ్నం మూయకు అని ఒక్క ముక్క. రాయబోయాను. నువ్వు రాసిన కాగితం మాట అప్పటికే ఊరంతా చెప్పుకుని ఉన్నాను. అందుకని గాలి అని రాశాను. గాలి అంటే నువ్వు వినవని నాకు తెలియదు.

వాయిదాకు ముందే వస్తాను. ఎస్సైని గోదాం దగ్గరికి పిలిపించు, రాతపూర్వకంగా అడుగు. ఎండ లేకపోతే కొలిమి ఉంది. రెండు బస్తాల బొగ్గు, తిత్తి తెస్తున్నాను. తట్టల్లో నిప్పులు పోసి తలుపుకు దగ్గరగా పేరుస్తాం. ఎర్రగా అక్కర్లేదు, చెయ్యి పెట్టలేనంత చాలు. మే నెల ఎండ అంతే ఇచ్చింది.

బయటినుంచి గుంజితే రాలేదంటే ఎస్సై నమ్మడు, మనమే పట్టుకున్నాం అంటాడు. లోపల మనిషి ఉండాలి. నేను కూర్చుంటాను. ఇక చాలు అనుకున్నప్పుడు మూడు దెబ్బలు కొడతాను. అప్పుడు తలుపు మీద నీళ్ళు గుమ్మరించండి.

నేను కొట్టినప్పుడు రేకు అనుకోకు.

పిచ్చయ్య

మీ అక్కకు లోపల కూర్చునే మాట చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టుమాను చేత రాయించాను.


ఊటగుంపు,
15-7-1984

అక్కకు బసవపున్నయ్య నమస్కారాలు.

నీ కార్డు అందింది. గోదావరి ఎక్కి బస్సులు ఆగినందువల్ల ఆలస్యమైంది. బావ వచ్చిన దగ్గరనుంచి మాట్లాడడం లేదని, తలుపు మూస్తే లేచిపోతున్నాడని, వరండాలోనే తింటున్నాడని రాశావు. జరిగింది నేనే చెప్తాను. అతను చెప్పడు.

ఎస్సైని పదింటికి రమ్మంటే ఒంటిగంట దాటాక వచ్చాడు. వాన లేదు, మబ్బు. గుంపంతా చేరింది. బావ ముందుగా ఎస్సైకి తలుపు తెరిచి మూసి చూపించాడు. కాగితం పెట్టించాడు. దూరలేదు. “ఇది నా పనితనం అనుకున్నాను అయ్యా, ఇది నా తప్పు” అన్నాడు. తర్వాత బావ చొక్కా విప్పి నా చేతికిచ్చి లోపలికి పోయి కూర్చున్నాడు. నేనే తలుపు మూశాను. గడియ వేయలేదు, అది అందరూ చూశారు.

నిప్పులు పేర్చి తిత్తి ఊదాం. అరగంటకు ఎస్సై గుంజాడు, రాలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు గుంజారు. గోడకు కాళ్ళు తన్నిపెట్టి గుంజారు. రాలేదు. ఎస్సై టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. లోపలినుంచి బావ ఒకటి రెండు సార్లు మాట్లాడాడు, తర్వాత మాట్లాడలేదు. గట్టిగా పిలిచాను. పలకలేదు. ముందే చెప్పాడు గదా మూడు దెబ్బలని, అందుకని ఆగాం.

మూడు దెబ్బలు వినపడ్డాయి. అలవాటున గడియారం చూశాను. రెండు ఇరవై.

“కప్పు రేకేమో, ఇంకాసేపు చూద్దాం” అన్నాడు ఎస్సై.

అక్కా, నీ దగ్గర దాచను. ఒక్క క్షణం నేనూ అదే అనుకున్నాను. ఆలోపే రామక్క బిందె ఎత్తి తలుపు మీద గుమ్మరించింది. ఆమె వెనక జంపక్క. పొగ, ఆవిరి. నాలుగో బిందెకు తలుపు తెరుచుకుంది. బావ తలుపుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బయటికి వాలాడు. నేను పట్టుకున్నాను. ఈసారి పట్టుకున్నాను.

నీళ్ళు తాగించాక రామక్క ముఖం చూసి ఏదో అనబోయాడు. ఆమె వినకుండానే అంది, “నీ ఇనుము ఊకుంటలేదయ్యా, రోజూ పిలుస్తున్నది. దాన్ని ఈడికెల్లి తీస్కపో.”

ఎస్సై పంచనామా మళ్ళీ రాశాడు. ఆ రోజు పేజీలో మూడు దెబ్బలూ బావ పేరున రాసి ఇస్తే, నా పుస్తకం జతచేశాడు. పగిడయ్యను పన్నెండో తేదీన వదిలారు. వచ్చిన రోజే నాగలి కట్టాడు, అదను దాటినా. మా ఇద్దరికీ సమన్లు వస్తాయి. వచ్చినప్పుడు పోదాం. కాంట్రాక్టరు నన్ను ఈ నెలాఖరుకు మానుకోమన్నాడు. బావకు ఏమీ అనకు. జాడీ నా దగ్గరే ఉంది, తెస్తాను.

బసవపున్నయ్య


వేంసూరు,
2-8-1984

బసవపున్నయ్యకు,

తలుపు విప్పించి పంపావు, చేరింది. కొలిమిలో వేయబోయాను, మీ అక్క వద్దంది. దుకాణం వెనక గోడకు ఆనించి ఉంది. ఇప్పుడు నేను చేసే తలుపులకు రూపాయి బిళ్ళ దూరేంత సందు వదులుతున్నాను. పిచ్చయ్యకు చూపు తగ్గిందంటున్నారు. అననీ.

నువ్వు మీ అక్కకు రాసిన ఉత్తరం చదివించుకున్నాను. అంతా ఉన్నదున్నట్టే రాశావు. ఒక్కటి సరిచేయాలి. అక్కడ ఎస్సై ముందు చెప్తే, పంచనామా చెల్లదంటాడేమో, పగిడయ్య మళ్ళీ లోపలే ఉండిపోతాడేమో అని ఊరుకున్నాను. ఇప్పుడు అతను ఇంట్లో ఉన్నాడు గనుక చెప్తున్నాను.

కొంతసేపు బాగానే ఉన్నాను. తర్వాత చెవుల్లో హోరు. చాలు, ఇక కొట్టాలి అనుకున్నాను. చెయ్యి ఎత్తబోతే లేవలేదు. రెండో చెయ్యీ లేవలేదు. అరవబోతే నాలుక అంగిలికి అతుక్కుంది. నువ్వు పిలవడం వినపడింది. నేను కొట్టేదాకా మీరు ఆగుతారని నాకు తెలుసు, ఆ మాట చెప్పింది నేనే. కింద మట్టిని చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు వినపడ్డాయి మూడు. లోపలి వైపునుంచి, నా ఎడమ భుజం పక్కన, మోకాలి ఎత్తున. తలుపు అదరడం నా వీపుకు తెలిసింది. ఆగి, ఇంకో మూడు పడబోతున్నట్టు నేను కాచుకున్నాను. ఆలోపు నీళ్ళ చప్పుడు వచ్చింది.

నేను కొట్టలేదు.

కాలిన ఇనుము చప్పుడు చేస్తుంది. నీకు నేర్పింది నేనే. కానీ అప్పటికి అది ఒకే వేడి మీద ఉంది.

నీ పుస్తకం కోర్టులో ఉందన్నావు. తిరిగి వచ్చినప్పుడు, నేను లోపల కూర్చున్న రోజు పేజీలో నా పేరున రాసినవి మూడు ఉంటాయి. అవి కొట్టేసి, ఎవరి పేరున రాయాలో వాళ్ళ పేరున రాయి.

పిచ్చయ్య